పోచవ్వ చెప్పిన వరుస

"నువ్వు అన్నవు కాదు! బావవు! వినవడ్తుందా శైలేందర్?"

ఫోన్‌లో పూజ గొంతు. ఇరవై రోజుల తర్వాత. సిద్దిపేట బస్టాండులో నిలబడి, ఒక చెవి మూసుకుని, మళ్లీ చెప్పమన్నాను. వినబడక కాదు. మళ్లీ వినాలని.

అరగంటలో కోమటి చెరువు కట్ట మీద కలిశాం. సన్నగా తుంపర. పూజ బాగా చిక్కిపోయింది.

ఆమె డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతుంది. నెల కిందట మా ఊరి ముసలాయన ఒకరి మాటల్లో ఒక సంగతి బయటపడింది. మా నాయిన తండ్రి పర్శరాములు, ఆమె బాపు తల్లి పోచవ్వకు చిన్నాయిన కొడుకు. ఎప్పుడో రాకపోకలు ఆగిపోయి రెండిళ్లలోనూ ఆ చుట్టరికం ఎవరూ ఎత్తరు. వరుస కుదరకపోతే ఇక పెళ్లి మాటే లేదు. ఇంట్లో అడిగితే మా ప్రేమ బయటపడుతుంది. అందుకని పూజ చాట్‌బాట్‌ను అడిగింది.

ఆ సాయంత్రమే నాకు మెసేజ్: "అన్నా, ఇక మనం మాట్లాడుకోవద్దు."

మొదటి పదాన్నే మళ్లీ మళ్లీ చదివాను.

"గంత చదువుకున్నవ్. మెషిన్ చెప్తే నమ్మినవా?" అన్నాను.

"ఏడు మెట్లు రాసింది. ఒక్కొక్కటి ఎంత మంచిగ రాసిందో! మూడో మెట్టుల మీ నాయిన, మా బాపు కజిన్స్ అన్నది. నాలుగో మెట్టుల కజిన్స్ గాబట్టి అన్నదమ్ములన్నది. ఆడికెంచి సక్కగ నడిచింది, తప్పు తొవ్వల."

"నడిమిట్ల చెక్ చెయ్యాలని రోజు పిల్లలకు చెప్తవు గద?"

"చెప్త." తల దించుకుంది. "ష్యూరా అని మళ్ల అడిగిన. సారీ చెప్పి బావ అన్నది. ఇంకోసారి అడిగితే మళ్ల సారీ చెప్పి అన్న అన్నది."

"బావ అన్నకాడనే ఎందుకాగలే?"

"నాకు గదే కావాలె. అందుకే నమ్మబుద్ధి కాలె."

ఆమె చున్నీ మీద చినుకులు దులిపాను.

"ఫోన్ల పోచవ్వ చెప్పిందన్నవ్. మన సంగతి ఆమెకెట్ల తెలిసింది?"

"అన్నం తింటలేనని కూసోవెట్టి అడిగింది. ఏడ్చుకుంట చెప్పిన. మీ తాత పేరు ఇనంగనే, 'పర్శరాములు నాకు తమ్ముడే పిచ్చిపోరీ! మీ బాపుకు మేనమామ. మేనమామ కొడుకు బామ్మర్ది గాక ఏమైతడు? గాయన కొడుకు నీకు బావ' అన్నది. చేతుల చిక్కుడుకాయ గిల్లుడు సుత ఆపలే!"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే ఆమె కళ్లు నిండాయి.

"ఇంకో మాట. రేపు పొద్దుగాల ఫస్ట్ బస్సుకు బెజ్జంకికి, మీ ఇంటికి వస్తదట."

"ఎందుకు?"

"వరుస కుదిరినంత మాత్రాన పిల్లనియ్యదట. పిలగాడు ఎసుంటోడో దగ్గర కూసోని చూస్తదట. రేపు లీవు పెట్టు, బావా."