మూడో వరుసలో మన మాట

నేత్ర తాను చేసిన వెబ్‌సైట్ తెరిచి ఫోన్‌ను లక్ష్మీదేవమ్మ చేతిలో పెట్టింది. కర్ణాటకలో చిక్కబళ్లాపురం దగ్గరి గులాబీ రైతుల సంఘం కోసం ఆరు వారాలు పడిన కష్టమది. ఎవరి తోటలో ఏ పూలున్నాయో వాళ్లే రాసుకోవచ్చు, కొనేవాళ్లు చూసుకోవచ్చు. అన్నీ తెలుగులో. బయట వాన, షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్లు.

లక్ష్మీదేవమ్మ ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పట్టుకుంది.

"ఇవి యాడి అక్షరాలమ్మా? మాకు రావు."

"తెలుగేనమ్మా. మీరు మాట్లాడేదే."

"మాట్లాడతాం. ఇస్కూల్లో నేర్పింది కన్నడ కదా."

ఆమె కొడుకు నాగేశ్, సంఘం కార్యదర్శి, నవ్వు దాచుకోలేదు. "మేడమ్, మీరే చదివి చెప్పండి."

 నేత్రదీ బాగేపల్లి తెలుగిల్లే. చదివింది మాత్రం కన్నడం, ఇంగ్లీషు. ఆ పేజీలను సాఫ్ట్‌వేరే అనువదించింది. తన సైటును తానే చదవలేదు.

సోమవారం మళ్లీ చూస్తామని, అప్పటికీ కుదరకపోతే వద్దని సంఘం తేల్చింది. నాగేశ్ కాఫీ తెస్తే నేత్ర తీసుకోలేదు.

"నవ్వేదానికే పిలిచినారా నన్ను?"

"నవ్వింది తప్పే. మా అమ్మ పుస్తకమొకటి ఉండాది, చూసిపోండి."

అది భజన పుస్తకం. పాటలు తెలుగువి, అక్షరాలు కన్నడవి. నేత్ర అవ్వ కూడా అలాగే రాసుకునేది. మొత్తం కన్నడలో పెడదామా అని నేత్ర అడిగింది. అప్పుడది ఆఫీసు నోటీసులా ఉంటుందని, చదివినా అర్థం అడగడానికి తన దగ్గరికే వస్తారని అతడన్నాడు.

భాష ఎంచుకోమనే జాబితాలు ఆమె ఎన్నో సైట్లలో పెట్టింది. ఒక భాషకు ఒకే లిపి అని ఎక్కడో ఎవరో అనుకుంటే, తానూ ఆలోచించకుండా ఒప్పుకుంది. ఇంటర్నెట్ అందరిదీ అంటారు. ఆ జాబితాలో తన అవ్వకే చోటు లేదు.

ఐదు సాయంత్రాలు ఇద్దరూ షెడ్డులో కూర్చున్నారు. 'అవైలబుల్' అని ఆమె అంటే 'పూలు ఉండాయి' అని అతడు. 'రిజిస్టర్' అంటే 'పేరు రాయించు'. ఆమె టైపు చేస్తుంటే అతడి చూపు తెర నుంచి వేళ్లకు, వేళ్ల నుంచి ముఖానికి జారేది. తెర ఇటుందని ఆమె గుర్తుచేసేది, కాస్త ఆలస్యంగానే.

సోమవారం జాబితాలో కన్నడ, ఇంగ్లీషు కింద మూడో వరుస వచ్చింది: 'మన మాట'. మాటలు తెలుగువి, అక్షరాలు కన్నడవి, భజన పుస్తకంలోలాగే. లక్ష్మీదేవమ్మ దాన్ని నొక్కి, వేలు పెట్టి చదివింది.

"లక్ష్మీదేవమ్మ తోట. ఎర్ర గులాబి. రేపు కోస్తాండాం."

తలెత్తి అందరినీ చూసింది. ఫోన్ చేతులు మారింది. షెడ్డంతా చదివే గొంతులే. పెద్ద కంపెనీలకు చేసిన ఏ సైటూ తనదని చెప్పుకోవాలని నేత్రకు అనిపించలేదు. దీన్ని మాత్రం ఊరంతా చెప్పుకోవాలనిపించింది.

"పని అయిపోయె," అన్నాడు నాగేశ్ మెల్లగా. "రేపట్నుంచి సాయంత్రాలు నేనేం చేయల్ల?"

"నేను వస్తా కదా."

లక్ష్మీదేవమ్మకు చెవులు బాగానే పనిచేస్తాయి. "బాగేపల్లిలో మీ ఇల్లు యాడమ్మా? ఆదివారం వస్తాం, మీ అమ్మతో మాట్లాడల్ల."

నేత్ర తలవంచుకుని అడ్రస్ చెప్పింది. రాసిస్తానని నాగేశ్ చేయి చాపాడు. లక్ష్మీదేవమ్మ తన ఫోన్ ఇవ్వలేదు.

"ఉండప్పా. నేనే రాసుకుంటాండా."