కిన్నెర బీటా ఎక్కించిన రోజు

నరేష్ శవం దొరికేసరికి అతని లాప్‌టాప్ ఇంకా వేడిగానే ఉంది.

ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరు. షిఫ్టుకి వెళ్ళే ముందు కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. డాక్టరు గుండెపోటన్నాడు. తీరాన్ని కాసే గూఢచారి విభాగం కోస్టల్ వింగ్. దాని చీఫ్ దయానందం మాత్రం కాఫీ గ్లాసుని ల్యాబుకి పంపాడు. విషం. నరేష్ వింగ్ మనిషే. అతని నుంచి వచ్చిన ఆఖరి మెసేజ్ సగంలో తెగిపోయింది.

"కిన్నెర బీటా ఎక్కించకండి. మనలోనే ఒక..."

మర్నాడు సింహాచలం కొండ కింద, పూలబుట్టల మధ్య నిలబడ్డ చీఫ్ పక్కకి ఏజెంట్ యోహాన్ వచ్చాడు.

"చర్చికెళ్ళే మనిషికి సంపెంగలెందుకండీ?" అన్నాడు యోహాన్.

"మా ఇంటావిడకి వాసన పడదు. అందుకే కొంటన్నాను."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ నడక మొదలుపెట్టారు.

"కిన్నెర అంటే కంప్యూటర్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్," అన్నాడు చీఫ్. "ఓపెన్ సోర్స్. ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. కొత్తది ఇంకా విడుదలవలేదు. పరీక్షకని ముందుగా వదిలిందే బీటా. దిద్దేవాళ్ళలో ఒక విదేశీ ముఠా దూరింది. బీటాలో కన్నం పెట్టింది. విడుదల రోజుకి ఆ కన్నం తనే పూడ్చేస్తుంది. ఆనవాలుండదు."

"దెబ్బ ఎక్కడ సార్?"

"సాగరతార టెర్మినల్. పోర్టులో గ్యాస్ దింపే చోటు. రేపు అక్కడ బీటా ఎక్కిస్తారు. సాయంత్రం గ్యాస్ ఓడ వస్తుంది. తెర మీద ఓడని ఒకచోట చూపించి, నిజంగా ఓడలు కట్టే జెట్టీ మీదకి తోలితే చాలు."

"ఆపేద్దాం."

"ఆపితే ఇంకో పోర్టుకి పోతారు. నాకు ఆ కన్నం పెట్టిన చెయ్యి కావాలి."

"జెట్టీ అవతలే మల్కాపురం సార్. మా అమ్మ అక్కడే ఉంది."

"అందుకే నిన్ను పంపుతన్నాను."

చీఫ్ ఒక ఫొటో అందించాడు. హసన్. టెర్మినల్‌లో సిస్టమ్ ఇంజనీరు. రోజూ విదేశీ సర్వర్‌కి కోడ్ మెసేజ్‌లు పంపుతున్నాడట. ఆ కబురు తెచ్చింది ఎవాంజలిన్. ముఠా జీతం తీసుకుంటూ వింగ్‌కి సమాచారం మోసే డబుల్ ఏజెంట్. టెర్మినల్‌లో ఆమె వేషం కన్సల్టెంటు.

"రెండు చేతులా జీతం తీసుకునే మనిషిని ఎలా నమ్మడం సార్?"

"నమ్మకు. హసన్నీ నమ్మకు. నీ మీద నీకు అనుమానమొస్తే అదీ నాకు చెప్పు."

* * *

మర్నాడు టెర్మినల్ కంట్రోల్ రూం అద్దాల మీద వాన కొడుతోంది. అవతల ఓడల కాలవ ఉందో లేదో కూడా తెలియడం లేదు. హెడ్డాఫీసు ఇంజనీరు వేషంలో యోహాన్ లోపలికి వచ్చాడు. అతని కళ్ళజోడు ఫ్రేములో కెమెరా ఉంది.

"నాను ఎక్కించను సార్," అన్నాడు హసన్, కుర్చీలోంచి లేవకుండానే. "బీటా అంటే ఏటి? అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి సూడమని ఇచ్చినట్టు. పెళ్ళి బంతికి వడ్డించీమంటే ఎలాగ?"

"కొత్త రాడార్ తెరలు బీటాతోనే బాగా పనిచేస్తాయి, హసన్. మేనేజర్ ఆర్డర్."

ఆ మాటన్నది గుమ్మంలో నిలబడ్డ ఎవాంజలిన్. నెమలికంఠం రంగు చీర. వానరోజున నల్ల కళ్ళద్దాలు. ఆమె కంటే ముందే సెంటు గదిలోకి వచ్చింది. పెన్ డ్రైవ్‌ని బల్ల మీద పెట్టింది.

"డిస్కు మొత్తం తుడిచి ఎక్కించండి. పాత సిస్టమ్ అక్కర్లేదు."

హసన్ గొణుక్కుంటూ కీబోర్డు లాక్కున్నాడు. ఇన్‌స్టాలర్ భాష అడిగింది, టైమ్ జోన్ అడిగింది. తర్వాత రెండు దారులు చూపించింది: మొత్తం తుడవడం, పాతదాన్ని ఉంచి పక్కన ఎక్కించడం. ఎవాంజలిన్ ఫోన్ చూసుకుంటోంది. హసన్ వేలు రెండోదాని మీదకి జారింది.

కళ్ళజోడు కెమెరాలో అది పడింది. చెప్పిన పని చెయ్యని మనిషి ఏదో దాస్తున్నాడని యోహాన్ అనుకున్నాడు.

నీలం గీత తెర మీద మెల్లగా నిండుతోంది. హసన్ ఫోన్ తీసి గబగబా ఏదో టైప్ చేస్తూ బయటికి నడిచాడు. యోహాన్ వెంటపడి, వరండాలో అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవరికి పంపావు?"

ఫోన్ నిండా అంకెలు, అర్థంకాని ఇంగ్లీషు ముక్కలు.

"బగ్ రిపోర్టు సార్! తప్పు కనబడితే రాసి పంపాల. బీటా వాడినోడి ధర్మం అది."

"విదేశానికా?"

"సర్వర్ అక్కడుంటే నానేటి సెయ్యను? దాపరికమేటి ఇందులో! లోకమంతా సదవొచ్చు. మా అమ్మ జమాలున్నీసా కూడా సదవొచ్చు, ఇంగ్లీషొస్తే!"

యోహాన్‌కి నమ్మకం కుదరలేదు. తన సొంత ఫోన్‌లో ఆ పేజీ తెరిచాడు. నిజమే. తాళం లేదు. హసన్ పదిరోజుల కిందట రాసింది అక్కడే ఉంది: "రెండో తెర తగిలిస్తే వస్తువు ఉన్నచోట కాక పక్కన కనిపిస్తోంది." దాని కింద నరేష్: "నాకూ కనిపించింది. ఇది పొరపాటు కాదు. ఎవరు రాశారో వెతుకుతున్నాను." ఆ కింద వైట్‌లిల్లీ అనే మారుపేరు: "ఇది బగ్ కాదు. మీ టెర్మినల్ తెరలే పాతవి. ఈ రిపోర్టు మూసేస్తున్నాను."

యోహాన్ ఆఖరిది రెండుసార్లు చదివాడు.

"టెర్మినల్ సంగతి నువ్వెక్కడైనా రాశావా?"

"నేదు సార్. నా లాప్‌టాప్‌లో బీటా ఏసి ఇక్కడి తెరకి తగిలించి సూసాను గానీ, ఇంట్లో మెషీన్ అనే రాసాను. పనిసేసే చోటు బయటెట్టకూడదు కదా."

"నరేష్‌కి చెప్పావా?"

"ఆడి మొకం కూడా నాను సూళ్ళేదు. రాతల్లోనే స్నేహం."

"మరి ఇక్కడి తెర మీద చూశావని ఎవరికి తెలుసు?"

హసన్ కంట్రోల్ రూం వైపు తిరిగాడు.

"మేడమ్‌కి. ఆవిడొక్కర్తికే సెప్పాను."

కాలవ వైపు నుంచి ఓడ కూత వినబడింది. ఇద్దరూ పరుగెత్తారు.

కొత్త సిస్టమ్ నడుస్తోంది. తెర మీద గ్యాస్ ఓడ చక్కగా కాలవ మధ్యలో ఉంది. రేడియో ముందు ఎవాంజలిన్. ఓడని రేవులోకి నడిపించే పైలట్ కెన్నీ గొంతు అందులో గరగరలాడింది.

"కంట్రోల్, వానలో ఏటీ కనబడతం లేదు. ఎక్కడున్నాను?"

"మధ్యలోనే ఉన్నారు. అలాగే రండి."

"మైకు వదలండి, వైట్‌లిల్లీ," అన్నాడు యోహాన్.

ఆమె నవ్వింది. చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సన్నటి తుపాకీ గొట్టం.

"రెండే నిమిషాలు, యోహాన్. నేరం మొయ్యడానికి హసన్ ఉన్నాడుగా. నువ్వూ నేనూ కారెక్కి వెళ్ళిపోవచ్చు."

హసన్ బల్ల కింద స్విచ్ మీద కాలితో తన్నాడు. తెరలన్నీ నల్లబడ్డాయి. ఆమె కళ్ళు అటు తిరిగిన క్షణంలో యోహాన్ దూకాడు. గుండు ఏసీలో దిగబడింది. లిప్‌స్టిక్ కుర్చీల కిందకి దొర్లింది.

చేతులకి బేడీలు పడుతున్నా ఆమె నవ్వు ఆపలేదు.

"ఇప్పుడేం చూపిస్తారు పైలట్‌కి? పాతది తుడిచేశారు కదా!"

"తుడవమన్నారు మేడమ్," అన్నాడు హసన్, స్విచ్ మళ్ళీ నొక్కుతూ. "నాను తుడిస్తే కదా!"

తెర మీద రెండు వరసలు. కొత్తది, పాతది. హసన్ పాతదాన్ని ఎంచి ఎంటర్ కొట్టాడు. పాత సిస్టమ్ ముసలి లారీలా మూలుగుతూ లేచింది.

"కంట్రోల్! ఎవరైనా ఉన్నారా?"

పాస్‌వర్డ్. తప్పు. మళ్ళీ కొట్టాడు. తెర వెలిగింది. ఓడ ముక్కు సూటిగా జెట్టీ మీద ఉంది.

"కెన్నీ బావా! కుడికి! పూర్తిగా కుడికి తిప్పు! జెట్టీ మీదకొచ్చేత్తన్నావ్!"

కూత మీద కూత. కంట్రోల్ రూం అద్దాలు అదిరాయి. వాన తెరలోంచి కొండంత గోడ ఒకటి ఊడిపడింది, నెమ్మదిగా పక్కకి తిరిగింది, జెట్టీ రబ్బరు దిమ్మల్ని ఒరుసుకుంటూ వెళ్ళిపోయింది.

యోహాన్ ఫోన్ మోగింది. మల్కాపురం నుంచి అమ్మ.

"ఒరే యోహానూ, ఆ ఓడోడు ఎవడ్రా? ఒకటే కూత! ఇప్పుడే కాసింత కన్నంటుకుంది, లేపేసాడు."

యోహాన్ అద్దంలోంచి మల్కాపురం వైపు చూశాడు.

"అడుగుతానమ్మా. నువ్వు పడుకో."

"ఏటంట బావా?" అన్నాడు హసన్.

"ఓడ కూత మరీ గట్టిగా ఉందంట."

హసన్ కీబోర్డు దగ్గరకి లాక్కున్నాడు.

"పెద్దావిడ పేరు సెప్పండి. బగ్ రిపోర్టు రాసేద్దాం."