ఏడో ట్యాంకుకి చెమట పట్టలేదు

తెల్లవారి ఆరింటికి ఓడలరేవు రొయ్యల చెరువులో శవం తేలింది. ఇంజనీరు నారాయణమూర్తి. మెడ వెనక సూది గుచ్చిన మచ్చ. జేబులో తడిసిన చీటీ: ‘ఒక ట్యాంకు అబద్ధమాడుతోంది. పదకొండు గంటలకు...’ ట్యాంకు నంబరు నీళ్లకి చెరిగిపోయింది.

ఏజెంట్ కాశీకి చీఫ్ ఫోన్.

“చెరువుల పక్కనే హైడ్రోజన్ ప్లాంట్. పది ట్యాంకులు. లోపల లోహపు పొడి. స్పాంజి నీళ్లని పీల్చినట్టు హైడ్రోజన్‌ని పీల్చుకుంటుంది. పదకొండింటికి ప్రారంభోత్సవం, మూడొందల మంది వస్తారు. అది పేలితే ఈ టెక్నాలజీ పేరెత్తేవాడుండడు. ఓ విదేశీ ముఠాకి కావలసిందదే.”

“లోపల మన మనిషి?”

“సేఫ్టీ ఆఫీసర్ కీర్తి.”

కాశీ రొయ్యల వ్యాపారి వేషంలో దిగాడు. గేటు దగ్గర నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, తెల్ల హెల్మెట్.

“కౌంట్ ఎంతండి?” అడిగాడు కాశీ.

“కిలోకి పదమూడు. అంత పెద్ద రొయ్య ఇక్కడ దొరకదండి.”

కోడ్ కలిసింది. కీర్తి ట్యాబ్ చూపించింది. పది ట్యాంకులూ గ్రీన్.

“తెల్లారినప్పటి నుంచీ ఏడో నంబరే చెరువుల్లో గాలి కలిపే ఏరేటర్ల ఇంజన్లకి గ్యాస్ ఇస్తోంది. అంతా నార్మల్. వెళ్లి టీ తాగండి.”

10:52. ఏడో ట్యాంకు దగ్గర చెరువు కాపలా చిన్నమ్మలు మట్టికుండ పట్టుకుని శాపనార్థాలు పెడుతోంది.

“ఏమైందండీ పిన్నిగారూ?”

“మజ్జిగండి బాబూ! గ్యాస్ వదిలే ట్యాంకు చల్లబడి చెమట పడుతుందండి. ట్రయల్ మొదలెట్టిన కాణ్ణుంచీ రోజూ కుండ దానికే ఆనించుకుంటానండి. ఇయ్యాల ముట్టుకు చూడండి, టీ కాచుకోవచ్చు!”

కాశీ అరచెయ్యి ఆనించి చటుక్కున తీశాడు. కాలింది.

గ్యాస్ ఎటూ పోవడం లేదు. లోపల ఎవరో హీటర్ పెట్టారు. వేడికి పొడి వదులుతున్న హైడ్రోజన్ అంతా లోపలే బిగుసుకుంటోంది. సేఫ్టీ వాల్వ్ మీద కొత్త వెల్డింగ్. గేజ్ ముల్లు ఎర్రగీత మీద వణుకుతోంది.

వెనక క్లిక్. కీర్తి చేతిలో సైలెన్సర్ పిస్టల్.

“నారాయణమూర్తిగారు కూడా ఇలాగే చెయ్యి పెట్టి చూసేరు.”

చిన్నమ్మలు చేతిలో కుండ గాల్లోకి లేచింది. కళ్లద్దాల నిండా మజ్జిగ. తూటా ఆకాశంలోకి పోయింది. కాశీ ఆమె మణికట్టు మెలిపెట్టి సంకెళ్లు బిగించాడు.

“హీటర్ ఎలా ఆపాలి?”

“ఆగదు.” కీర్తి నవ్వింది. “ఆరు నిమిషాలు.”

బయటికి చెరువుగట్టు ఒక్కటే దారి; ఆరు నిమిషాల్లో మూడొందల మంది దాటలేరు. షామియానా కింద, మైకు ముందు, చిన్నమ్మలు మనవరాలు లక్ష్మీతులసి ప్రార్థన పాడడానికి గొంతు సవరించుకుంటోంది.

చిన్నమ్మలు మొహం పాలిపోయింది. “ఏం చెయ్యాలండి?”

“చల్లబడితే పొడి ఆ గ్యాస్‌ని మళ్లీ మింగేస్తుంది. ఐసు ఉందా?”

“ఆయ్! రొయ్యల పట్టుబడికి లారీ నిండా వచ్చిందండి!” ఆమె గట్టెక్కి అరిచింది. “ఒరేయ్ రాంబాబూ! రొయ్యలు కుళ్లితే కుళ్లేయి, ఐసు ఇటు పొయ్యండ్రా!”

పది పారలు లేచాయి. ట్యాంకు బుసకొట్టింది. ఆవిరిలో మనుషులు కనబడలేదు. 10:58. ముల్లు ఎర్రగీత దాటింది. వెల్డింగ్ కీచుమంది. పారలు ఆగలేదు.

10:59. ముల్లు నిలిచిపోయింది. తర్వాత, బద్ధకంగా, ఒక్క గీత కిందికి.

షామియానాలో పాట మొదలైంది. చిన్నమ్మలు అక్కడే ఐసులో కూలబడింది.

ఫోన్ మోగింది. “శభాష్! ఏ డిటెక్టర్ వాడావు? మిగతా ప్లాంట్లకి కూడా ఆర్డర్ పెడతాను.”

కాశీ కాళ్ల దగ్గరి మజ్జిగకుండ పెంకుల వైపు చూశాడు.

“లోకల్ మేడ్ సార్. ఒక్క పీసే ఉండేది, పగిలిపోయింది.”