గోదాములో ఆరియా

ఖిదిర్‌పూర్ డాక్ వెనక రేకులు లేచిపోయిన పాత గోదాము ఒకటుంది. దాని పక్కనుంచి పగలు కూడా ఒంటరిగా ఎవరూ పోరు. రిక్షావాళ్లయితే తల తిప్పుకుని, ఊపిరి బిగబట్టి తొక్కేస్తారు.

గోవిందరాజు చచ్చిపోయింది అందులోనే.

సరుకు దొంగల గుట్టు బయటపెట్టాడని, ఆ దొంగలే అతన్ని చైన్ పుల్లీకి మణికట్లతో వేలాడదీసి ఇనుప కడ్డీలతో కొట్టారట. "ఆరియా… ఆరియా!" అని అరిచాడట. డాకులో ఆ మాటకు 'కిందికి దించు' అని అర్థం. 'పైకెత్తు' అనాలంటే హబీస్ అంటారు. సరుకు ఎత్తేచోట రోజంతా వినపడే కేకలే కదా… బయట విన్నవాళ్లు లోపల పని జరుగుతోందనుకుని తమ దారిన తాము పోయారు. తెల్లారి తలుపు తీస్తే— భుజాలు ఊడిపోయి, నేలకు జానెడు ఎత్తున శవం.

అప్పట్నుంచీ చీకటి పడితే ఆరియా అని పిలుపొస్తుందని పక్క పేట వాట్‌గంజ్‌లో మన తెలుగువాళ్లంతా చెబుతారు. వినపడినా పలకకూడదు. ఆ వైపు వెళ్లకూడదు.

రమణబాబు ఇవన్నీ నమ్మే రకం కాదు. అతను నమ్మేది అంకెల్నే. చాందినీ మార్కెట్లో పాత రేడియో స్కానర్ ఒకటి కొన్నాడు. అరచేతిలో పట్టేంత పెట్టె. మీట నొక్కితే తెరమీద అంకెలు పరిగెడతాయి. గాలిలో ఎక్కడైనా ఎవరైనా మాట్లాడుతుంటే అక్కడ ఆగుతాయి. మీట మళ్లీ నొక్కి ఆ ఫ్రీక్వెన్సీని మెమరీలో దాచుకోవచ్చు. వినడమే దాని పని. మాట్లాడడానికి మైకు ఉండదు.

ఏ ఓడకు కూలీలు కావాలో అందులో విని, పేటలోవాళ్లందరికీ ఫోన్లో మెసేజ్ పెట్టేవాడు. మేస్త్రీ కేకేసేసరికి మనవాళ్లు గేటు దగ్గర సిద్ధం!

అతని అక్క సుజన మొగుడు నరసయ్య ఆ నెలే అదే గోదాముకు కాపలాదారుగా చేరాడు. కాపలాదారులందరికీ వాకీటాకీలు ఇచ్చారు. వాటిని సరిచేసి పెట్టింది కూడా రమణబాబే. వాటిలో మాటతో పాటే చెవికి అందని సన్నటి మోత ఒకటి పోతుంది, దానికో అంకె ఉంటుంది. స్కానర్ ఆ అంకె చూపిస్తుంది. ఎవరు మాట్లాడుతున్నారో ఇట్టే తెలియాలని ఒక్కో సెట్టుకు ఒక్కో అంకె పెట్టాడు. బావకు 123. మరిచిపోయే పని లేదు.

ఆ వేళ వాన. కాసులమ్మ టీ కొట్టు పట్టా కింద రమణబాబు స్కానర్ తిప్పుతున్నాడు. పక్కన ముసలి కూర్మయ్య.

"ఒరే, ఆ బరబర ఆపరా. నా పాలు ఇరిగిపోతాయి."

"ఇరిగితే రసగుల్లాలు సేసుకో పిన్నీ! టీకన్నా లాభం."

కూర్మయ్య కిసుక్కుమన్నాడు. అంతలో అంకెలు ఆగిపోయాయి. ఎప్పుడూ తగలని ఫ్రీక్వెన్సీ.

ఊపిరి… ఎవరిదో ఈడ్చుకుంటూ తీస్తున్న ఊపిరి. ధన్‌మని ఒక దెబ్బ.

"ఆరియా…"

కూర్మయ్య నోట్లోంచి బీడీ జారిపోయింది. "కట్టెయ్," అన్నాడు గుసగుసగా. "అది… గోయిందరాజు గొంతురా."

"నీకేటి తెలుసు తాతా?"

"ఆడి పక్కనే బస్తాలు మోసినోణ్ని. నాకు తెల్దేటి?"

రమణబాబు వేలు అప్పటికే మీట మీదుంది. సేవ్! "సూసుకో, దెయ్యాన్ని మెమరీలో పెట్టీసినాను!" అంటూ తెరను దీపం వైపు తిప్పాడు. మూలన చిన్న అంకె వెలుగుతోంది.

123.

బావ సెట్టు! గుంజులాటలో మీట తిరిగి, ఫ్రీక్వెన్సీ మారిపోయి ఉంటుంది. అందుకే మిగతా కాపలాదారులెవరికీ వినపడలేదు…

లేచాడు. కాసులమ్మ చొక్కా పట్టుకుంది.

"ఎల్లకురా! అది పిలిస్తే ఎల్లకూడదు!"

"దెయ్యానికి నాను నంబరు పెట్టలేదు పిన్నీ! అది మా బావ!"

వానలో పరిగెత్తాడు.

గోదాము తలుపు సగం తెరిచి ఉంది. లోపల లాంతరు వెలుగు. చైన్ పుల్లీకి నరసయ్య వేలాడుతున్నాడు. కాళ్లు గాలిలో… రక్తం మోచేతుల మీదుగా కారి నేల మీద చుక్కలుగా పడుతోంది. ఒకడు కాజేసిన రాగి తీగను చుట్ట చుడుతున్నాడు. ఇంకొకడు లాంతరు పట్టుకున్నాడు. బట్టతల వాడొకడు కడ్డీ ఎత్తి మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చింది.

"కే రే?" అన్నాడు బట్టతల, ఎవడది అన్నట్టు వెనక్కి తిరుగుతూ.

రమణబాబు చేతికి అందింది ఒక గొట్టం ముక్క. తిప్పి మొహం మీద కొట్టాడు. పళ్లు రాలాయి. వాడి కడ్డీ రమణబాబు పక్కటెముకల మీద పడింది. కిందపడ్డాడు. కాలితో తన్నాడు, చేతిని కొరికాడు, నోట్లోకి ఉప్పగా రక్తం— ఎవరిదో తెలియదు. గొంతు మీద బూటు పడింది. కళ్లకు చీకట్లు కమ్ముతుండగా బయట కేకలు!

కూర్మయ్య, వెనకాల బస్తాల కొక్కేలతో కూలీలు. ఒక కొక్కెం బట్టతల వాడి భుజంలో దిగింది. వాడు పందిలా అరిచాడు. మిగతా ఇద్దరూ గోడ దూకి పారిపోయారు.

రమణబాబు పాకుతూ వెళ్లి గొలుసు వదులుచేశాడు. మోకాలి కింద ఏదో పటపటమని నలిగింది. వాకీటాకీ ముక్కలు. బావ నోట్లో కుక్కిన గోనె పీచు లాగిపారేశాడు. నరసయ్య గుక్కపెట్టి గాలి పీల్చాడు.

పోలీసులు వచ్చేదాకా దొంగను కదలనివ్వకూడదని, వాడి చేతులు అదే గొలుసుకు కట్టారు. పాదాలు నేల మీదే ఉంచారు. లోపల కాపలా ఉండే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. బయట తాళం వేసి, వానలోనే నిలబడ్డారు.

పోలీసులు ఇంకా రాకముందే ఆసుపత్రిలో నరసయ్యకు కట్లు కట్టారు. రమణబాబు మంచం పక్కన కూర్చుని నీళ్లు పట్టాడు.

"బలే పిలిచినావు బావా. సేతులు కట్టీసినా బటన్ ఎలా నొక్కినావు?"

నరసయ్య గ్లాసు నుంచి మొహం పక్కకు తిప్పాడు.

"ఏ బటన్‌రా?"

"సెట్టుది… ఆరియా అన్నావు కదా?"

"సెట్టుని ముందే తొక్కి పిండి సేసినారు. నోట్లో పీచు కుక్కినాకే పైకి లాగినారు. నాను ఒక్క మాటైనా అన్లేదురా…"

జేబులో గరగర.

రమణబాబు స్కానర్ బయటికి తీశాడు. పరిగెడుతున్న అంకెలు ఆగాయి. తను సేవ్ చేసిన ఫ్రీక్వెన్సీ మీదే. మూలన 123.

ఈసారి గొంతులో నొప్పి లేదు. పనిలో ఉన్నవాడి గొంతు అది.

"హబీస్…"

కర్… కర్… గొలుసు పైకి లాగుతున్న చప్పుడు. దాని వెనక, వద్దన్నా వద్దని బట్టతల వాడి ఏడుపు. "నా… నా… దాదా, నా!" ఎక్కడో ఎముక కీలు ఊడింది.

"ఆరియా!" రమణబాబు స్కానర్‌ను నోటికి ఆనించుకుని అరిచాడు. "దించీ! ఆరియా! ఆరియా!"

మైకు లేని పెట్టె. వినడం తప్ప దానికేమీ రాదు.

"హబీస్," అంది గొంతు.