చీపురు మూల పెట్టిన రోజు

పిండిమరలో నేల ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. ఎంత ఊడ్చినా గంటలో మళ్ళీ పలుచటి పొర. పిల్లి నడిచినా తెలిసిపోతుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఆ మనిషికి వచ్చిన చిక్కల్లా అదే. భుజాన బస్తా, రెండో చేతిలో చీపురు... తన అడుగులు తానే చెరుపుకుంటూ తిరిగేవాడు.

"దొంగతనానికి వచ్చావా ఏమిటయ్యా?" అని యజమాని మొదట్లో నవ్వాడు. నిన్న నవ్వలేదు. "రేపు కూడా చీపురు పట్టావంటే, ఎల్లుండి నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

ఇది మూడో ఉద్యోగం. పొద్దున గుమ్మంలో భార్య చెయ్యి పట్టుకుంది. "ఇదీ పోతే పాపను తీసుకుని మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతానండీ. ఈ ఒక్కరోజు మామూలు మనిషిలా నడిచి రండి."

ఎందుకు చెరుపుతాడో ఆమెకు తెలియదు. మందుపాతరలు పాతిన పొలంలో ముందు నడిచింది అతనే. "నేనేసిన చోటే అడుగెయ్యి తమ్ముడూ" అని వెనకవాడికి చెప్పిందీ అతనే. వాడు అలాగే వేశాడు, వెంట్రుకవాసి తేడా లేకుండా. పేలింది మాత్రం వాడి కిందే. ఎడమ కాలు దొరకలేదు. ప్రాణం పోయేదాకా వాడు అడిగింది ఒకటే: "నువ్వేసిన చోటే కదన్నా వేశాను?"

ఈ రోజు మరలోకి రాగానే చీపురు మూల పెట్టేశాడు. మధ్యాహ్నం దాకా బస్తాలు మోశాడు.

"ఇదిగో, ఇప్పుడు దారిలో పడ్డావు!" అని యజమాని భుజం తట్టి భోజనానికి వెళ్ళాడు.

కరెంటు పోయింది. మర ఆగింది. వేడి పిండి వాసనలో సన్నగా... కాలిన మట్టి వాసన. వెనక్కి చూడకూడదనుకున్నాడు.

చూశాడు.

నేలంతా తన వట్టి పాదాల గుర్తులు. ప్రతి కుడి పాదం మీదా ఒక బూటు గుర్తు. ఎడమ పాదాల మీద ఏమీ లేదు. చివరి బూటు గుర్తు తన మడమను ఆనుకునే ఉంది...

"ఇంక నా వెనక రాకు తమ్ముడూ" అని గొణిగాడు.

ఇంటికి పరుగెత్తాడు. దారి పొడవునా పాదాల నుంచి పిండి రాలుతూనే ఉంది.

భార్య ఎదురొచ్చింది. "ఉద్యోగం నిలబడిందా?"

"నిలబడింది."

ఆమె ముఖం ఎన్నాళ్ళకో వెలిగింది. "మెల్లగా రండి, పాప ఇప్పుడే పడుకుంది. గడప దాటకుండా పొద్దుటి నుంచీ ఒకటే ఆట, ఒంటికాలి మీద గెంతడం. ఎవరు నేర్పారో!"

మంచం దగ్గరికి వెళ్ళాడు. దుప్పటి బయటికి పాప కుడి పాదం కనిపిస్తోంది. అరికాలు నిండా తెల్లటి పిండి.

ఎడమ కాలు దుప్పటి లోపల ఉంది... ఉండాలి.

దుప్పటి ఎత్తడానికి అతనికి చెయ్యి రాలేదు.