ఏడో మీట మీద వేలు

“షెన్ అమర్చిన కీప్యాడ్ ఒకసారి చూసిరా,” అన్నాడు చీఫ్ తాంగ్.

ఏజెంట్ చియు ముఖం మాడింది. “అమర్చినవాడినే పంపొచ్చుగా సార్?”

“రెండు రోజులు కూర్చుని చేశాడు పాపం. రెస్ట్ తీసుకోనీ.”

ఆ ‘పాపం’ చియుకు ముల్లులా దిగింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ మాట ఒక్కసారీ తన వాటాకు రాలేదు.

బ్రీఫింగ్ చిన్నది. కావోషుంగ్ ఓడరేవు కంట్రోల్ రూమ్‌లో ‘నల్లకొంగ’ అనే విదేశీ ముఠా చెయ్యి దూర్చిందని కబురు. పదింటికి గ్యాస్ ఓడ వస్తుంది. దానికి అడ్డంగా చీజిన్ దీవి నుంచి జనంతో ఫెర్రీ. ఆపరేటర్ ఫెర్రీకి ‘ఆగు’ సిగ్నల్ ఇవ్వాలి. అందుకు పన్నెండు మీటల కీప్యాడ్. ఏ మీట నొక్కితే ఏ సిగ్నల్ పోవాలో అమర్చింది షెన్. సాయం రుయిన్.

రుయిన్ ముఠాలో ఉంటూ వీళ్లకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. మొన్నటిదాకా చియు బల్ల మీద మోచెయ్యి ఆన్చి నవ్వేది. ఇప్పుడు ఆ మోచెయ్యి కుర్ర షెన్ బల్ల మీదికి మారింది.

తొమ్మిది నలభై. ఏసీ మెకానిక్ వేషంలో చియు వచ్చి, “చేప గంజి” అన్నాడు. కోడ్ వర్డ్ విని గార్డు తలుపు తీశాడు. ఆపరేటర్ క్వో పిన్ని టీ తాగుతూ అతన్ని పట్టించుకోలేదు.

షెన్ ఎక్కడో తప్పు చేసే ఉండాలి. చియుకు అదే కోరిక. వాచీలోంచి వైరు లాగి కీప్యాడ్‌కు తగిలించాడు. ఇక సిగ్నల్ బయటికి పోదు, వాచీలోనే కనబడుతుంది. పన్నెండు మీటలూ తట్టాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కడుపు మండింది.

అప్పుడు చూశాడు, కీప్యాడ్ పక్కన పొట్లం. ఈ దేశంలో ఏ యంత్రం మీదైనా ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి ఉంటుంది. యంత్రం మాట వినాలని పెడతారు. విప్పరు, తినరు. ఇది చింపి ఉంది. సగం ఖాళీ.

తైవాన్‌లో పుట్టినవాడెవడూ, చివరికి షెన్ వెధవైనా సరే, యంత్రం తిండిలో చెయ్యి పెట్టడు. రెండు రోజులూ ఈ కీప్యాడ్ ముందు కూర్చున్నది షెన్, రుయిన్ ఇద్దరే. మరి ఇక్కడి తాయ్‌నాన్ ఊళ్లోనే పుట్టానని చెప్పుకునే రుయిన్?

చియు ఈసారి మీటల్ని తట్టలేదు, నొక్కిపట్టాడు. వంక వెతికే తొందరలో ఆ సంగతే మరిచాడు. ఒక్కో మీటకు రెండు పనులు. ఏడో మీట తడితే ‘నెమ్మది’. నొక్కిపడితే ‘ఆగు’ పోవాలి. ‘రా’ అని పోతోంది.

తొమ్మిది యాభై ఎనిమిది. చియు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నోరు మెదపకపోతే చాలు, షెన్ పని సరి. కిటికీలోంచి ఫెర్రీ కనబడింది. స్కూటర్ల మధ్య ఒక ముసలామె బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చియు పళ్లు కొరుకుతూ మీటల్ని మళ్లీ అమర్చసాగాడు.

క్వో పిన్ని వేలు ఏడో మీట మీదికి వచ్చింది. చియు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“ఏసీ బాగుచెయ్యమంటే నా చెయ్యి పట్టుకుంటావేంటయ్యా? ఓడ వచ్చేస్తోంది.”

“మూడు సెకన్లు, పిన్నీ.”

వాచీలో పచ్చలైటు వెలిగింది. వైరు పీకి, చెయ్యి వదిలాడు. ఆమె నొక్కిపట్టింది. ఫెర్రీ ఆగింది. గ్యాస్ ఓడ దాని ముందు నుంచి కొండలా సాగిపోయింది.

మధ్యాహ్నానికి రుయిన్ విమానాశ్రయంలో దొరికింది. షెన్ తల వంచుకుని చీఫ్ గదికి వచ్చాడు.

“నన్ను బుట్టలో వేసింది అన్నా. నువ్వైతే పడేవాడివి కాదు.”

వాడు వెళ్లాక చియు చీఫ్ వైపు తిరిగాడు.

“ఏడేళ్లు నా బల్ల చుట్టూనే తిరిగింది సార్. మోసం చెయ్యడానిక్కూడా వాడే దొరికాడా ఆవిడకి?”