చుట్ట విప్పు

“చుట్ట విప్పు!” అని గంగునాయుడు గోడను ఆజ్ఞాపించాడు.

గోడలోంచి లోహపు చెయ్యి సాగి వచ్చి, చుట్టకు మర్యాదగా నిప్పంటించింది.

చుట్టంటే పొగచుట్ట కాదు. చుట్టి ఉంచిన జపాను పట్టుచిత్రం. నీళ్ళు తెచ్చేలోగా రెండు కొంగలూ, సగం చంద్రుడూ బూడిదయ్యాయి.

అప్పటికి విశాఖలో మీటలు పోయి మాటలు మిగిలాయి. ఇంటింటా ఒక మాటగోడ. ఏ ఇంటివాళ్ళ మాట వింటే ఆ ఇంటి తెలుగే దానికి పట్టుబడుతుంది. ఆ బొమ్మ నకిలీదని ఊరంతా చాటుతున్న బావమరిది తవిటినాయుడి నోరు మూయించాలని, గంగునాయుడు పాతబొమ్మల సేకర్తలందర్నీ పిలిచి, తన పటాల గదిలోంచి దాన్ని మొదటిసారి సావిట్లోకి తెచ్చాడు. చేతిచెమట తగలకూడదని విప్పే పని గోడకిచ్చాడు.

“జపానోళ్ళ చరిత్రలో ‘ఎదో’ కాలం నాటిదన్నావు,” అన్నాడు తవిటినాయుడు. “ఏదో కాలం కాదు బావా, కాలిన కాలం! దొంగబొమ్మని తేలిపోద్దని నువ్వే కాల్చీసినావు.”

“నోర్ముయ్! గోడకి నువ్వే నూరిపోశావు. నీది జపాను మీద ప్రేమట్రా? కొంగజపం!”

“గోడనే అడుగుదుం. ఏటే, ఎందుకంటించినావు?”

“తప్పేటుంది బాబూ?” అంది గోడ, అచ్చం ముసలమ్మ యాసలో. “చుట్ట విప్పంటే నిప్పెట్టమనే గదా? అమ్మకి రోజూ ఎడతన్నాను.”

తలలన్నీ మూలకి తిరిగాయి. అక్కడ గంగునాయుడి అత్తగారు పారమ్మ, మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. అది ఆరినప్పుడల్లా నోట్లోంచి తియ్యకుండానే నిప్పడుగుతుంది. నాలుక పైకి లేవదు గనక ఆ ‘నిప్పు’ కాస్తా ‘విప్పు’ అవుతుంది.

“ఆవిడ విప్పు నిప్పయితే, నా విప్పూ నిప్పేనా?” అని గంగునాయుడు రంకె వేశాడు. “నా మాట తెలీదూ నీకు?”

“తవరి గొంతు ఇయ్యాలే ఇంటన్నాను. నన్నెట్టి మూడేళ్ళు. నాతోటైనా, అమ్మతోటైనా తవరెప్పుడు మాటాడినారు?”

సేకర్తలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పారమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. ఇప్పుడు మాట స్పష్టంగానే వచ్చింది.

“నా కూతురు పోయిన కాణ్ణుంచీ నోరు విప్పు నాయనా, నోరు విప్పు నాయనా అని నీ గది తలుపు బాదినాను. ఇన్నాళ్ళకి విప్పినావు, అదీ గోడతోటి!”

బూడిదకేసి చూసి, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది.